కాఫీ వలస, కూలీల వలస

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మహబూబ్‌నగర్‌లో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

కాఫీ చరిత్ర మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. మనది టీ తాగే జిల్లా. తెల్లవారకముందే బస్టాండులో వెలిగే పొయ్యి మీద మరిగేది టీయే. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న కాగితం గ్లాసుల్లోనూ అదే ఉంది. అయినా ఒప్పుకున్నాను. కాఫీ గురించి ప్రచారంలో ఉన్న కథల్లో ఒక పెద్ద వెలితి ఉంది. అది పాలమూరు వాళ్లకు అర్థమైనంత తొందరగా ఇంకొకరికి అర్థం కాదని నా నమ్మకం.

కాఫీ చరిత్ర ఎవరు చెప్పినా దొంగల కథలా సాగుతుంది. ఒక ఫకీరు గింజలు దాచి తెచ్చాడంటారు. ఒక ఫ్రెంచి సైనికాధికారి ఓడలో తాగే నీళ్లు మొక్కకు పోశాడంటారు. ఒక గవర్నరు భార్య పూలగుత్తిలో విత్తనాలు పెట్టి ఇచ్చిందంటారు. చెవికి ఇంపుగా ఉంటాయి, నేనూ చెబుతాను. కానీ గింజ చేరినంత మాత్రాన పంట అయిపోదు కదా! అడవి ఎవరు కొట్టారు? గుంతలు ఎవరు తవ్వారు? పండు ఎవరు కోశారు? ప్రాజెక్టు దగ్గర శిలాఫలకం మీద మంత్రిగారి పేరు ఉంటుంది, మట్టి తట్టలు మోసిన వాళ్ల పేర్లు ఉండవు. దేశంలో ఏ మూల డ్యాము కట్టినా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడని మన పెద్దలు చెప్పేవారు. వాళ్ల మనవలు, మనవరాళ్లు ఈ హాలులో ఉన్నారు. అందుకే ఆ ప్రశ్న ఇక్కడ వేస్తున్నాను.

ముందు చెట్టు సంగతి చూద్దాం. అడవిలో వదిలేస్తే కాఫీ చెట్టు రెండు నిలువుల పైన పెరుగుతుంది. తోటలో మాత్రం మనిషి చేతికి అందేలా కత్తిరించి ఉంచుతారు. మన దక్షిణాదిలో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే, తొమ్మిది పది రోజులకు తోట తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. మల్లెపూల వాసన. ఆ వానను కర్ణాటక రైతులు హూమళె అంటారు, పూల వాన. అది తప్పితే ఆ ఏడాది పంట తప్పినట్టే. పూత తర్వాత అరబికా అనే రకం కాఫీ పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది.

కోత దగ్గరే ఉంది కిటుకంతా. చిక్కమగళూరు వైపు ఒక తోటలో చాలాసేపు నిలబడి చూశాను. నడుముకు సంచి కట్టుకున్న ఒక నడివయసు ఆమె ఎడమ చేత్తో కొమ్మ వంచి పట్టుకుంది. కణుపు కణుపుకూ గుత్తులు. ఒకే గుత్తిలో ఎర్రగా పండినవి, పసుపు తిరిగినవి, ఇంకా పచ్చిగా ఉన్నవి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఆమె బొటనవేలు, చూపుడువేలు వాటి మధ్యలోకి దూరి, ఎర్రని పండును మాత్రం మెలిపెట్టి లాగుతున్నాయి. పచ్చికాయ రాలకూడదు, కొమ్మ విరగకూడదు. కళ్లు ఒక గుత్తి మీద ఉండగానే చెయ్యి తర్వాతి గుత్తికి పోతోంది. మిగిలినవి పండాక మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. అలా ఒక్క సీజనులో మూడు నాలుగు విడతలు. కోసిన పండును ఆ రోజే తొక్క ఒలిచే యంత్రానికి చేర్చాలి, లేకపోతే పులిసిపోతుంది. అంతా అయ్యాక లెక్క ఏమిటంటే, ఐదారు కిలోల పండ్లకు ఒక కిలో గింజ. సాయంత్రం కాటా దగ్గర ఆడవాళ్లు బారులు తీరి, తూకం వేసేవాడి ముఖం వైపు అనుమానంగా చూస్తున్నప్పుడు, పత్తి ఏరి వచ్చి మన చేల గట్టు మీద నిలబడినట్టే ఉంది.

అంటే ఇది వేళ్లతో తీసే పంట. ఏడాది పొడవునా కొద్దిమంది చాలు, పండే రెండు మూడు నెలలు మాత్రం వందల మంది కావాలి. వాళ్లు రాకపోతే పండిందంతా నేలపాలు. కాఫీ ఏ దేశానికి పోయింది, ఏ దేశంలో చితికిపోయింది అని మ్యాపు గీసి చూస్తే, వాన ఎంత, ఎత్తు ఎంత అన్నది సగమే చెబుతుంది. ఆ వేళ్లు ఎక్కడ చవకగా దొరికాయి, ఎక్కడ ఎదురు తిరిగాయి అన్నది మిగతా సగం చెబుతుంది.

అరబికా పుట్టిల్లు ఇథియోపియా నైరుతి కొండల అడవులు. కాల్డి అనే కాపరి మేకలు ఈ పండ్లు తిని గంతులు వేశాయన్న కథ మీరు వినే ఉంటారు. అది మొట్టమొదట అచ్చులో కనబడింది 1671లో, అదీ రోములో. ఇథియోపియా అడవిలో జరిగిన సంగతి వందల ఏళ్ల తర్వాత రోములో కూర్చున్న పండితుడికి ఎలా తెలిసిందో! మేకలు ఎగిరితే ఎగిరి ఉండవచ్చు, దాని మీద మనకు పేచీ లేదు. గట్టి ఆధారాలు దొరికేది ఎర్ర సముద్రానికి ఇవతల, యెమెన్‌లో. అక్కడి సూఫీలు 15వ శతాబ్దంలో రాత్రంతా జపం చేయడానికి నిద్ర రాకుండా దీన్ని తాగారు. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించాడు. కైరోలో ఉన్న సుల్తాను ఆ నిషేధాన్ని నిలవనివ్వలేదు. రెండు వందల ఏళ్లపాటు ప్రపంచం తాగిన కాఫీ దాదాపుగా యెమెన్ కొండల మీద మెట్లు మెట్లుగా కట్టిన మళ్లలో పండింది, మోకా రేవు నుంచి ఓడెక్కింది. అక్కడ మడి కట్టుకున్నవాడే మొక్క నాటాడు, ఆ ఇంటివాళ్లే పండు కోశారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత ఇలాంటిది చాలాకాలం కనిపించదు.

ఇక దొంగల కథలు. కాఫీ విత్తనానికి మొలకెత్తే శక్తి కొన్ని నెలలే ఉంటుంది. అందుకే తెచ్చేవాడు తొందరగా తేవాలి, లేదా మొక్కనే మోసుకురావాలి. 1670 ప్రాంతంలో బాబా బుడన్ అనే ఫకీరు హజ్ యాత్ర నుంచి వస్తూ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. డచ్చివాళ్లు 1696లో మలబారు తీరం నుంచి మొక్కలు జావాకు పంపారు, అవి దక్కలేదు. 1699లో మళ్లీ పంపారు, అవి బతికాయి. 1706లో జావా నుంచి ఒక మొక్క ఆమ్‌స్టర్‌డామ్ తోటకు వెళ్లింది. దాని పిల్ల మొక్క ఒకటి 1714లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి కానుకగా ముట్టింది. ఆ వంశంలోని మొక్కనే 1723 ప్రాంతంలో దె క్లియూ అనే సైనికాధికారి అట్లాంటిక్ దాటించి మార్టినిక్ దీవికి చేర్చాడు. తన వాటా నీళ్లు దానికి పోశానని తర్వాత ఆయనే రాసుకున్నాడు. 1727లో పల్హేటా అనే పోర్చుగీసు అధికారి సరిహద్దు తగాదా తీర్చే నెపంతో ఫ్రెంచి గయానాకు వెళ్లి, బ్రెజిల్‌కు విత్తనాలతో తిరిగి వచ్చాడు. పూలగుత్తి కథ ఈయన మీదే అల్లారు.

ఇందులో రైతులు గమనించాల్సింది ఒకటుంది. అరబికా తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంటుంది. ఒక్క మొక్క ఉంటే చాలు, ఖండమంతా తోటలు వేయవచ్చు. వేశారు కూడా. అమెరికా ఖండాల్లోని పాత తోటల్లో చాలావరకు ఆ ఆమ్‌స్టర్‌డామ్ మొక్క సంతానమో, హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవి మొక్కల సంతానమో. అన్నీ ఒకే రక్తం. ఒకదానికి రోగం వస్తే అన్నిటికీ వస్తుంది. ఆ సంగతికి సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక దగ్గర వస్తాను.

మొక్కలు చేరాయి. మరి చేతులు? కరీబియన్ దీవుల్లో ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంది, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. ఇప్పటి హైతీని అప్పట్లో సెయింట్ డొమింగ్ అనేవారు, ఫ్రెంచి వలస. మైదానాల్లో చెరకు, కొండల్లో కాఫీ. 1780లలో ప్రపంచం తాగే కాఫీలో దాదాపు సగం ఆ చిన్న నేల నుంచే వచ్చింది. దాదాపు 5 లక్షల మంది బానిసలు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. తోటలు, మిల్లులు తగలబెట్టారు. పదమూడేళ్ల యుద్ధం తర్వాత 1804లో హైతీ స్వతంత్ర దేశమైంది. బానిసలు తిరగబడి గెలిచి దేశం కట్టుకున్న ఉదాహరణ చరిత్రలో ఇంకొకటి లేదు. కానీ ఫ్రాన్సు ఊరుకోలేదు. 1825లో యుద్ధ నౌకలను పంపి, మా ఆస్తి పోయింది, 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి, అప్పుడే మిమ్మల్ని దేశంగా గుర్తిస్తాం అంది. ఆ ఆస్తిలో వాళ్ల లెక్క ప్రకారం ఈ మనుషులూ ఉన్నారు! తర్వాత 9 కోట్లకు తగ్గించారు. ఆ అప్పు తీర్చడానికి హైతీకి ఉన్న ఆధారం మళ్లీ కాఫీయే. కొండల్లో చిన్న చిన్న కమతాలు చేసుకుంటున్న స్వతంత్ర రైతు పండించిన కాఫీ మీద పన్ను వేసి, పాత యజమానులకు కట్టారు. నా మటుకు నాకు కాఫీ చరిత్రలో ఇంతకంటే చేదైన పేజీ కనిపించలేదు.

జావాలో డచ్చివాళ్లది ఇంకో పద్ధతి. మనుషుల్ని కొనే పని పెట్టుకోలేదు. ఊరి పెద్దల ద్వారా ప్రతి కుటుంబం ఇన్ని చెట్లు పెంచాలి, పంట మేం చెప్పిన ధరకు మా గోదాముకే తోలాలి అని హుకుం. 1830లో వాన్ డెన్ బోష్ అనే గవర్నరు జనరల్ దీన్ని జావా అంతటికీ వర్తించే విధానంగా చేశాడు. కాఫీతో పాటు చెరకు, నీలిమందు కూడా. 1850లలో నెదర్లాండ్స్ ప్రభుత్వ ఆదాయంలో మూడో వంతు దాకా జావా నుంచే వచ్చింది. అక్కడ కాలువలు, రైళ్లు వేసుకున్నారు, జావాలో కొన్ని జిల్లాల్లో వరి వేసుకునే తీరిక లేక జనం ఆకలితో చచ్చారు. నిజాం కాలపు వెట్టి గురించి తాతల నోట విన్నవాళ్లకు దీని మీద ఇంకో మాట అక్కరలేదు.

సిలోన్ దగ్గర కొంచెం సేపు ఆగుతాను, ఇది మన గడప ముందు జరిగిన కథ కాబట్టి.

1815లో బ్రిటిష్ వాళ్లు కాండీ రాజ్యాన్ని లాక్కున్నారు. 1830ల నుంచి కొండలన్నీ కాఫీ. 1840లో ఒక చట్టం చేసి, కాగితం చూపించలేని అడవి, పోడు భూమి అంతా ప్రభుత్వానిదే అన్నారు. దాన్ని తోటల యజమానులకు అమ్మారు. సింహళ రైతులకు సొంత వరి మడులు ఉన్నాయి, తోటలో కూలికి రామన్నారు. అప్పుడు చూపు ఇటు తిరిగింది. తిరుచ్చి, మధుర, రామనాథపురం జిల్లాల కరువు నేల నుంచి తమిళ కూలీలను పిలిపించారు. పడవ దిగిన దగ్గర నుంచి కొండల దాకా అడవి దారిన నడక. తాగే నీరు లేదు, కలరా, మలేరియా. ఎంతమంది దారిలోనే రాలిపోయారో ఎవరూ పేర్లు రాసి పెట్టలేదు.

వాళ్లను తెచ్చినవాడు కంగాణి. ఇక్కడ మీరు చెవి పెట్టి వినండి. కంగాణి బయటివాడు కాదు, వాళ్ల ఊరివాడే, చాలాసార్లు వాళ్ల కులంవాడే. తోట యజమాని దగ్గర డబ్బు తీసుకుని ఊరికి వస్తాడు. అప్పులున్న ఇళ్లు అతనికి తెలుసు. ముందు చేతిలో అడ్వాన్సు పెడతాడు. దారి ఖర్చు, తిండి ఖర్చు ఆ పద్దులోనే పడుతుంది. తోట చేరేసరికి కూలీ నెత్తిన అప్పు. కూలి కంగాణి చేతిలో పడుతుంది, మనిషికి ఇంత అని అతని వాటా. పైగా తర్వాతి కాలంలో తుండు అని ఒక చీటీ వచ్చింది. అప్పు ఇంత ఉంది, అది కడితే ఈ గుంపును వదిలేస్తాం అని యజమాని రాసిస్తాడు. ఆ చీటీ లేకుండా ఇంకో తోటలో పని దొరకదు. 1921లో దాన్ని రద్దు చేసేదాకా మనుషులు చీటీల మీద చేతులు మారారు. మన గుంపు మేస్త్రీ సంగతి, అతనిచ్చే అడ్వాన్సు సంగతి నేను ఈ ఊళ్లో విడమరచి చెప్పనక్కరలేదు.

అదే పద్ధతి మైసూరు, కొడగు, వయనాడు తోటల్లోనూ ఉంది. అక్కడ అతని పేరు కూడా మేస్త్రీయే. అతనికి తోడు చట్టం. 1859 నాటి 13వ చట్టం ప్రకారం, అడ్వాన్సు తీసుకుని పనికి రాని కూలీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి మూడు నెలల దాకా జైలుకు పంపవచ్చు. అప్పు ఎగ్గొడితే ఎవరైనా సివిల్ కోర్టుకు పోతారు. కూలీకి మాత్రం అది నేరం. 1903లో మద్రాసు ప్రభుత్వం తోటల కోసమే ప్రత్యేకంగా ఇంకో చట్టం కూడా చేసింది.

సిలోన్ కాఫీని ముంచింది కూలీలు కాదు, ఒక బూజు. 1869లో ఆకుల అడుగున నారింజ రంగు పొడి కనబడింది. వేరుశనగలో తుప్పు తెగులు చూసినవాళ్లు ఆ పొడిని పోల్చుకోగలరు, ఇదీ ఆ జాతి శిలీంధ్రమే. ఆకులు రాలిపోతాయి, చెట్టు ఎండుపుల్లలా నిలబడుతుంది. మార్షల్ వార్డ్ అనే యువ శాస్త్రవేత్త 1880లో వచ్చి రెండేళ్లు పరిశీలించాడు. గాలికి అడ్డు లేకుండా, మధ్యలో ఇంకో చెట్టు లేకుండా, కొండల మీద ఒకే పంట పరిచేశారు, రోగం ఇలా పాకక ఏం చేస్తుందన్నాడు. ఒకే రక్తం అన్నానే, దాని ఫలితం ఇది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి సిలోన్ కాఫీ దేశం కాకుండా పోయి టీ దేశమైంది. యజమానుల్లో చాలామంది దివాలా తీసి ఓడెక్కారు. కూలీలకు రావాల్సిన కూలి చాలాచోట్ల ఎగిరిపోయింది. టీ మొక్కకు ఏడాది పొడవునా పని ఉంటుంది కాబట్టి వచ్చిపోయే కూలీలు అక్కడే కాపురం పెట్టారు. 1948లో సిలోన్‌కు స్వాతంత్ర్యం రాగానే చేసిన పౌరసత్వ చట్టంతో వాళ్లలో లక్షల మంది ఏ దేశానికీ చెందనివాళ్లు అయిపోయారు. 1964లో మన ప్రధాని శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో చేసుకున్న ఒప్పందంలో ఇంతమంది మీకు, ఇంతమంది మాకు అని పంచుకున్నారు. మీరు తాగుతున్న ఆ గ్లాసు సిలోన్ పేరుతో ప్రపంచం మెచ్చిన టీకి చుట్టమే, అంత మాత్రం చెబుతాను.

బ్రెజిల్ దగ్గరికి వద్దాం. హైతీ తగలబడ్డాక ఖాళీ అయిన సంతను నింపింది ప్రధానంగా బ్రెజిలే. రియో వెనకాల పరైబా నది లోయ. అడవి నరికి కాల్చి, బూడిద మీద కాఫీ నాటారు. వాలు నేలలో సాళ్లు ఎలా వేయాలో మీలో వ్యవసాయం చేసేవాళ్లను అడిగితే, వాలుకు అడ్డంగా అని నిద్రలో కూడా చెబుతారు. అక్కడ నిలువుగా వేశారు, కొండ నెత్తి నుంచి అడుగు దాకా. ఎందుకు? కింద నిలబడ్డ కొరడావాడికి ప్రతి సాలులో ఏ బానిస ఎంత వెనకబడ్డాడో తెలియాలి. పైమట్టి వానకు కొట్టుకుపోతే పోనీ, మనిషి కళ్లముందు ఉండాలి. ముప్పై నలభై ఏళ్లకు నేల సున్నా. తోట ఇంకో కొండకు జరిగింది, బానిసలనూ తోలుకుపోయారు. అలా జరుగుతూ జరుగుతూ సావో పాలో ఎర్రనేలలకు చేరింది.

1850లో ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని ఆపారు. ముందుచూపున్న ఒక భూస్వామి, సెనేటరు వెర్గెయిరో, స్విస్, జర్మన్ కుటుంబాలను తన ఇబికాబా తోటకు రప్పించాడు. పంటలో వాటా ఇస్తానన్నాడు. ఓడ టిక్కెట్టు అప్పు, వడ్డీ, తోట దుకాణంలో సరుకుల ధర, తూకంలో మోసం. ఎన్నేళ్లు చేసినా పద్దు తెగదు. 1856 చివర్లో థామస్ డవాట్జ్ అనే స్విస్ బడిపంతులు లెక్కలు వేసి చూపించి అందరినీ కూడగట్టాడు. బానిసల పక్కన తెల్లవాళ్లు కూడా తిరగబడేసరికి భూస్వాములకు చెమటలు పట్టాయి. ఆ వార్త యూరప్ చేరాక 1859లో ప్రష్యా తన ప్రజలను బ్రెజిల్‌కు తరలించడాన్ని కట్టడి చేసింది. లెక్కలు వచ్చిన ఒక పంతులు చేసిన పని అది. వృత్తి అభిమానం కొద్దీ కాస్త ఎక్కువసేపు చెప్పాను, మన్నించండి.

బానిసత్వం రద్దయింది 1888 మే 13న. అమెరికా ఖండాల్లో అందరికంటే ఆఖరున. అప్పటికే చాలామంది తోటలు వదిలి నడుచుకుంటూ వెళ్లిపోతున్నారు, చట్టం వాళ్ల వెనకాల వచ్చింది. వెళ్లిపోయినవాళ్లకు సెంటు భూమి ఇవ్వలేదు. వాళ్లను కూలి పెంచి పిలవడం మాని, సావో పాలో ప్రభుత్వం ఇటలీ నుంచి కుటుంబాలకు కుటుంబాలను సర్కారు ఖర్చుతో ఓడల్లో దింపింది. కుటుంబానికి కొన్ని వేల చెట్లు అప్పగిస్తారు, సాళ్ల మధ్య మొక్కజొన్న, చిక్కుళ్లు వేసుకోనిస్తారు. కొంతమంది నిజంగానే నాలుగు డబ్బులు వెనకేసి భూమి కొన్నారు. చాలామందికి కూలి ఎగ్గొట్టారు. ఆ ఫిర్యాదులు విని 1902లో ఇటలీ ఆ ఉచిత ప్రయాణాలను నిషేధించింది. సరే, ఇటలీ కాకపోతే ఇంకొకరు! 1908 జూన్‌లో కసాటో మారు అనే ఓడ 781 మంది జపాను వాళ్లతో సాంటోస్ రేవులో దిగింది.

అంత చేసి పండించి ఏం చేశారు? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచ కాఫీలో సగానికి మించి బ్రెజిల్‌దే. ధర పడిపోతుంటే 1906లో ప్రభుత్వం కొని గోదాముల్లో దాచింది. 1929 మాంద్యం తర్వాత దాచే చోటు కూడా లేక కాల్చింది. 1931 నుంచి 1944 వరకు దాదాపు 7 కోట్ల 80 లక్షల బస్తాలు, బస్తా 60 కిలోలు. రైలింజన్లలో బొగ్గుకు బదులు వేసి చూశారు. మిగిలిన గింజలను ఏదో ఒకటి చేయమని బ్రెజిల్ వాళ్లు స్విట్జర్లాండులోని నెస్లే కంపెనీని అడిగితే, ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1938లో నెస్కెఫే పొడి తయారు చేశారు. మన ఇళ్లలో చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే సీసా పుట్టుక అది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గ్వాటెమాలాలో 1877లో ఊరుమ్మడి మనుషులను తోటలకు పంపాలని చట్టమే చేశారు. కెన్యాలో తెల్లవాళ్ల కాలంలో చాలాకాలం ఆఫ్రికా రైతు కాఫీ పండించకూడదు. సొంతంగా పండించుకుంటే కూలికి ఎవరు వస్తారన్న భయమే దాని వెనక ఉంది. ఈలోగా తుప్పు తెగులుకు తట్టుకునే ఇంకో రకం, రొబస్టా, కాంగో అడవుల్లో దొరికి 1900 ప్రాంతంలో జావా చేరింది. తక్కువ ఎత్తులో పెరుగుతుంది, కాపు ఎక్కువ, చేదూ ఎక్కువే. వియత్నాంకు ఫ్రెంచి మిషనరీలు 1857లోనే కాఫీ తెచ్చినా, 1986 సంస్కరణల తర్వాత గానీ ఊపందుకోలేదు. మైదానాల నుంచి లక్షల మంది డాక్ లాక్ పీఠభూమికి వలస వెళ్లి రొబస్టా వేశారు. పదిహేనేళ్లలో ప్రపంచంలో రెండో స్థానం. దానితో 2001లో ధర కుప్పకూలి, మధ్య అమెరికాలో తోటలు వదిలేసి జనం మళ్లీ వలస బాట పట్టారు.

తెలుగు నేల మీద కాఫీ 19వ శతాబ్దం చివర్లో తూర్పు కనుమలకు వచ్చింది. అరకు, పాడేరు వైపు పెద్దగా వ్యాపించింది స్వాతంత్ర్యం తర్వాత. మొదట అటవీ శాఖ, తర్వాత ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ), గిరిజన సహకార సంస్థ పూనుకుని పోడు చేసుకునే కుటుంబాలకు సిల్వర్ ఓక్ నీడలో ఎకరం, రెండెకరాల కాఫీ వేయించాయి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పొగడడానికి కాదు గానీ, యెమెన్ గురించి గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, చెట్టు ఎవరిదో కోసే చేయీ వాళ్లదే కావడం, అది మళ్లీ ఇక్కడ కనిపిస్తుంది. దళారి, ధర కష్టాలు అక్కడా ఉన్నాయి. కంగాణి మాత్రం లేడు.

బ్రెజిల్‌లో ఇప్పుడు చదునైన నేలల్లో చెట్టును రెండు పక్కలా ఆవరించి కదిపి కాయలు రాల్చే యంత్రాలు నడుస్తున్నాయి. పచ్చివీ పండువీ కలిసి రాలితే తర్వాత వేరు చేసుకుంటారు. కొండవాలు మీద అది ఎక్కదు. చిక్కమగళూరులో, అరకులో, యెమెన్‌లో ఇంకా వేళ్లే దిక్కు. ఆ యంత్రం కాఫీతో ఈ వేళ్ల కాఫీ ఒకే ధర దగ్గర పోటీ పడాలి.

నాకిచ్చిన సమయం దాటింది. ప్రశ్నలు ఉంటే అడగండి.

(కర్ణాటక తోటల్లో ఇప్పుడు ఎవరు కోస్తున్నారని డిగ్రీ విద్యార్థిని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న అమ్మా. ఒకప్పుడు తమిళ, మలయాళ జిల్లాల నుంచి, చుట్టుపక్కల కన్నడ పల్లెల నుంచి వచ్చేవారు. వాళ్ల పిల్లలు చదువుకుని బెంగళూరు చేరారు. ఇప్పుడు కోత కాలంలో అస్సాం, జార్ఖండ్ వైపు నుంచి రైళ్లలో దిగుతున్నారు. నేను మాట్లాడించిన ఒక కుర్రవాడికి కన్నడం రాదు, అక్కడి మేనేజరుకు అతని భాష రాదు. ఇద్దరి మధ్యా ఒక మనిషి ఉన్నాడు. ఫోనులో లెక్కలు రాసుకుంటున్నాడు, అడ్వాన్సు అతనే ఇచ్చాడట.

(మన నల్లమలలో కాఫీ వేయవచ్చా అని అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు అడిగారు.)

లేదండీ. అరబికాకు వెయ్యి మీటర్ల ఎత్తు, ఏడాదికి కనీసం పదిహేను వందల మిల్లీమీటర్ల వాన ఉండాలి. మనకు ఆరేడు వందలు పడితే చెరువులు నిండాయని సంబరపడతాం. రొబస్టా కొంచెం కిందికి దిగుతుంది గానీ దానికీ నీళ్లు కావాలి, మన మే నెల ఎండకు ఆకు మాడిపోతుంది. మీ చేలో బాలానగర్ సీతాఫలం పెట్టుకోండి, అది ఈ నేలకు పుట్టినది. సరదా కోసం ఒక్క మొక్క అంటారా, పెంచుకోవచ్చు. దుకాణంలో దొరికే వేయించిన గింజ మొలవదు. కాఫీ తోటల వైపు వెళ్లేవాళ్లతో డిసెంబరులో తాజా విత్తనం తెప్పించి, ఇంటికి ఉత్తరం వైపు నీడలో కుండీలో వేయండి. నెలన్నరకు గింజను నెత్తిన టోపీలా పెట్టుకుని మొలక లేస్తుంది. తొందరపడి ఆ టోపీ ఊడదీయకండి, ఆకులు విప్పుకున్నప్పుడు అదే రాలిపోతుంది. మూడు నాలుగేళ్లకు కాపు. ఆ ఏడాది మీ ఇంటిల్లిపాదికీ ఒక పూట కాఫీకి సరిపోతే గొప్పే. కోసేది మీరే కాబట్టి ఎర్రబడ్డవి మాత్రమే కోయండి.